కోరాపుట్‌లో కొండ మీద ఇల్లు: 64 మెట్లు ఎక్కాలా, 11 మెట్లు దిగాలా?

బొబ్బిలి బదిలీ (జూన్ 3, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. పుట్టి బుద్ధెరిగాక చదును నేల మీదే బతికాం. ఇప్పుడు ఒడిశాలోని కోరాపుట్‌కి బదిలీ. మొన్న వెళ్ళి రెండు ఇళ్లు చూసొచ్చాను, ఏదో ఒకటి తేల్చుకోవాలి.

మొదటి ఇంటికి రోడ్డు మీద నుంచి 64 మెట్లు ఎక్కాలి. రెండుసార్లు లెక్కపెట్టాను. రెండోసారి 65 వచ్చింది, ఆయాసంలో తప్పి ఉంటాను. మూడు గదులు, ముందు వరండా. అక్కడ కూర్చుంటే జగన్నాథుడి గుడి శిఖరం, దాని వెనక కొండల వరస. అద్దె 6,500. రెండోది సరిగ్గా ఆ మెట్ల మొదలుకి ఎదురుగా, రోడ్డుకి దిగువన. 11 మెట్లు దిగాలి. రెండు గదులే. కిటికీ తీస్తే రోడ్డు గోడ. అద్దె 7,000.

ఇంట్లో నలుగురం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప, మా అమ్మ. అమ్మకి 68, మోకాళ్ల నొప్పులు. మా ఆవిడ ఓటు వరండాకి. అమ్మని అడిగితే "మీకెక్కడ బాగుంటే నాకూ అక్కడే" అంది. దాని అర్థం ఏమిటో మీకు తెలుసు కదా.

ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లు చెప్పండి. అంత మంచి ఇంటికి 500 తక్కువెందుకు?

సునాబెడ పాతకాపు (జూన్ 3, రాత్రి 10:05)

ఆ 500 తక్కువ కాదు బాబూ, ఆ 64 మెట్ల కూలీ ముందుగానే ఇస్తున్నారు. తీసుకుని ఆనందించండి 😀

కొండ దిగినోడు (జూన్ 3, రాత్రి 10:31)

తీసుకోవద్దు. అలాంటి ఇంట్లోనే రెండేళ్లు ఉండి దిగొచ్చాను, అనుభవంతో చెప్తున్నా.

కొండలు మొదటి నెల చూస్తారు. రెండో నెల చుట్టాలకి చూపిస్తారు. మూడో నెల నుంచి మీరు చూసేది మెట్లే. పాలప్యాకెట్టు మర్చిపోతే 64 దిగి 64 ఎక్కాలి. పాపకి నోటుబుక్కు కావాలంటే మళ్లీ 64. బండి రోడ్డు మీదే పెట్టాలి. వానొస్తే సీటు తడిసిందా, ఎవడైనా పెట్రోలు తీశాడా అని రాత్రి టెన్షను.

ఇక ముసురు పట్టిందంటే జులై నుంచి సెప్టెంబరు దాకా బట్టలు ఆరవు. మేఘం తిన్నగా ఇంట్లోకే వస్తుంది, నేను కవిత్వం చెప్పడం లేదు, కిటికీ తీసి ఉంచితే దుప్పటి తడిగా అవుతుంది. బీరువాలో మా పెళ్లి పట్టుబట్టలకి బూజు పట్టింది. తోలు బెల్టు తెల్లగా అయిపోయింది.

చివరికి మా ఆవిడ పాచి మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. 108 బండి పది నిమిషాల్లో వచ్చింది. కానీ వచ్చింది రోడ్డు మీదికి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం పట్టుకుని వానలో మెట్లు దింపాం. ఆ దింపడం ఇరవై నిమిషాలు పట్టింది. మీ అమ్మగారిని ఒక్కసారి ఆ కుర్చీలో ఊహించుకోండి.

పై సాహి అక్క (జూన్ 4, ఉదయం 6:15)

కొండ దిగినోడు తమ్ముడూ, మీ ఆవిడకి అలా జరగడం బాధే. కానీ పాచి మెట్ల తప్పు కాదు, వానాకాలం మొదలవకముందే సున్నమో బ్లీచింగో చల్లి గట్టి చీపురుతో రుద్దకపోవడం తప్పు. మా మెట్లు 118. పెళ్లయి వచ్చి 23 ఏళ్లయింది. ఇద్దరు పిల్లల్ని కడుపులో పెట్టుకుని ఎక్కాను, దిగాను.

(సాహి అంటే ఇక్కడ పేట, వీధి. వచ్చాక మీకూ అలవాటవుతుంది.)

బొబ్బిలి తమ్ముడూ, కొండ మీద కాపురం అంటే మోత. నడక కాదు, మోత. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ ఎవరో ఒకరి భుజం మీద పైకి వచ్చిందే. నిండు గ్యాస్ బండ 30 కిలోలు తూగుతుంది. లోపల గ్యాసే 14.2 కిలోలు, మిగిలింది ఇనుము. బండ తెచ్చే అబ్బాయి ఈల వేసి మెట్ల మొదట్లో దింపేస్తాడు. పైకి తేవాలంటే పైన ఇంకో యాభై ఇవ్వాలి, ఎండాకాలంలో ఒక గ్లాసు మజ్జిగ కూడా. బియ్యం 25 కిలోల బస్తాయే కొనండి, 50 కిలోలది ఎవరూ ఎత్తరు. బీరువా కొంటే విడదీసి బిగించేది కొనండి. మా అత్తగారి పందిరి మంచం ఇప్పటికీ కింద చుట్టాలింట్లోనే ఉంది, పై వంపు దగ్గర తిరగలేదు.

అయితే మీకు ఇల్లు చూపించినవాళ్లు చెప్పని సంగతి ఒకటి ఉంది. మా మెట్ల మొదట్లో ఒక చదును రాయి ఉంది. బజారు నుంచి వచ్చినవాళ్లు మోయలేనిది ఆ రాయి మీద పెట్టి, చేతిలో పట్టినంతే పట్టుకుని ఎక్కేస్తారు. వెనక వచ్చేవాడు ఉత్తచేతులతో వస్తుంటే ఆ సంచి అందుకుంటాడు. సంచీలు చూస్తే ఎవరివో తెలిసిపోతుంది, మాది పచ్చ గళ్ల సంచి. కాలేజీ కుర్రాడు, ఆఫీసరు, అడ్డాకూలీ, అందరూ అందుకుంటారు. ఉత్తచేతులతో ఎక్కడం మా సాహిలో నామోషీ. ఈ 23 ఏళ్లలో పోయినవి ఒక కొబ్బరికాయ, ఒక గొడుగు. కొబ్బరికాయ కోతి పని.

మీరు చూసిన మెట్ల దగ్గర అలాంటి రాయి ఉందో లేదో చూసి రండి. ఉంటే పైకి వెళ్లొచ్చు. లేకపోతే అక్కడి జనం ఒకరి మొహం ఒకరు చూసుకోరన్నమాట, అలాంటి చోట 64 కాదు 14 మెట్లయినా కష్టమే.

కొండ దిగినోడు (జూన్ 4, ఉదయం 8:02)

అక్కా, మా మెట్ల దగ్గర రాయి లేదు, కుక్క ఉండేది. రాయి మీద సంచి పెట్టొచ్చు, మోకాళ్లు పెట్టలేం కదా.

పై సాహి అక్క (జూన్ 4, ఉదయం 8:20)

అదీ నిజమే.

గోడ చూసేవాడు (జూన్ 4, మధ్యాహ్నం 1:45)

మాది కట్టుబడి పని. దమంజోడి, కోరాపుట్, సెమిలిగూడల్లో వాలు మీద ఇళ్లు చాలా కట్టాం, పడిపోయినవి కొన్ని చూశాం. మోకాళ్ల సంగతి మీ ఇంటి విషయం. నేను నీళ్ల సంగతి చెప్తాను, ఎందుకంటే కొండ మీద ఇల్లు పాడయ్యేది నీటి వల్లే.

ఇక్కడి కొండరాయి ఎక్కువగా ఖొండలైటు. ఈ కొండల్లో ఉండే ఖోండుల పేరే దానికి పెట్టారు. గట్టిగా కనిపిస్తుంది కానీ ఎండకీ వానకీ నాని ఎర్రటి గుల్లమట్టి అయిపోతుంది. ఎండినప్పుడు గునపం దిగదు, తడిస్తే చెంచాతో తవ్వొచ్చు. ఇక్కడ ఏడాదికి 1500 మిల్లీమీటర్లకి అటూ ఇటూ వాన, అందులో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే పడుతుంది. ఆ నీరు మట్టిలోకి దిగి గోడ వెనక నిలిచిందంటే మట్టి బరువుకి నీటి బరువు తోడై గోడని తోస్తుంది.

మీ 64 మెట్ల ఇంటి వెనక గోడ చూడండి. పొట్ట ముందుకొచ్చిందా? గోడలో చిన్న గొట్టాలు పెట్టారా, వాన పడిన మర్నాడు వాటిలోంచి నీరు కారుతోందా? కారితే సంతోషించండి. వానలో కూడా పొడిగా ఉంటే మూసుకుపోయాయన్నమాట, అదీ ప్రమాదం. అసలు గొట్టాలే లేకపోతే ఆ గోడ కింద పాపని పడుకోబెట్టకండి.

తర్వాత, ఇల్లు ఎలా కట్టారో అడగండి. వాలు మీద కట్టేవాళ్లు వెనక సగం తవ్వి, ఆ మట్టి ముందు పోసి చదును చేస్తారు. వెనక గది గట్టి నేల మీద, మీ ఆవిడ మెచ్చిన ఆ వరండా పోసిన మట్టి మీద ఉంటాయి. పోసిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతుంది. గదికీ వరండాకీ మధ్య నేల మీద పగులు, తలుపు మూలల నుంచి ఏటవాలుగా గోడల మీద పగులు, ఇవి ఉన్నాయేమో చూడండి, కొత్తగా సున్నం వేశారా అన్నది కూడా చూడండి. కొత్త సున్నం వేస్తే పగులు కొన్ని నెలలు దాగుతుంది. తలుపులు మాత్రం దాచవు, వేసి తీసి చూడండి, రాసుకుంటే తెలిసిపోతుంది.

పైన ఇంకో ఇల్లు ఉందా? ఉంటే వాళ్ల సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో మొహమాటం లేకుండా అడగండి. పై ఇంటి సెప్టిక్ నీరు కింద ఇంటి వంటగది గోడలో తేలడం ఈ ఊళ్లో కొత్త కాదు.

చెట్ల మొదళ్లు వంగి పైన నిటారుగా పెరిగాయంటే నేల మెల్లగా జారుతోందని అనుమానించాలి.

అలాగని కింద ఇల్లు భద్రం అని ఎవరన్నారు? రోడ్డుకి దిగువన ఉన్న ఇంటికి రోడ్డే ఏరు. రోడ్డు పక్క కాలవ పూడిపోతే ఆ నీరంతా మీ 11 మెట్ల మీద నుంచే దిగుతుంది. గుమ్మానికి గట్టు ఉందా, మెట్ల కింద అడ్డంగా కాలవ ఉందా చూడండి. ఇంకొకటి, ఆ చోట రోడ్డు మలుపు తిరుగుతోందా? లారీ వంపు తప్పితే వచ్చేది దిగువ ఇంటి కప్పు మీదికే.

ఒక్క మాట. రెండు ఇళ్లూ ఎండలో చూసొచ్చారు. వానలో చూడండి.

బొబ్బిలి బదిలీ (జూన్ 4, సాయంత్రం 6:50)

అయ్యబాబోయ్. నేను వరండా, అద్దె, మెట్లు చూశాను. మీరు చెప్పినవి ఒక్కటీ చూడలేదు. మాస్టారూ, ధన్యవాదాలు.

నీళ్లు ఎలా? ఇంటాయన "కుళాయి ఉంది" అన్నాడు.

గోడ చూసేవాడు (జూన్ 4, రాత్రి 7:30)

కుళాయి ఉంటుంది. అందులో నీరు ఉంటుందా అన్నది వేరే ప్రశ్న. మెట్టు ఎత్తు సుమారు 16 సెంటీమీటర్లు అనుకుంటే 64 మెట్లంటే పది మీటర్లు, మూడంతస్తుల మేడ. నీటిని పది మీటర్లు ఎక్కించాలంటే గొట్టంలో చదరపు సెంటీమీటరుకి కిలో చొప్పున ఒత్తిడి ఖర్చవుతుంది. కింద అందరూ కుళాయిలు విప్పాక పైకి ఎక్కేందుకు ఆ ఒత్తిడి మిగలదు. అందుకే పైవాళ్లు రోడ్డు పక్కన సంపు కట్టి మోటారు పెడతారు. ఆ సంపు ఇంటాయనదేనా, నలుగురిదా, కరెంటు బిల్లు ఎవరిది, ఇప్పుడే రాయించుకోండి. ఎండాకాలం గొడవలన్నీ దీని దగ్గరే.

పార్వతీపురం కోడలు (జూన్ 4, రాత్రి 8:11)

వంట సంగతి ఎవరూ చెప్పలేదు! కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు. అక్కడ నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో కందిపప్పు పెడితే మరుగుతూనే ఉంటుంది, ఓ పట్టాన మెత్తబడదు. వచ్చిన కొత్తలో పప్పు మంచిది కాదని కొట్టువాడితో దెబ్బలాడాను పాపం. కుక్కర్లో పెట్టి ఇంకో రెండు విజిల్స్ రానివ్వండి. ఇడ్లీ పిండి చలికాలంలో పొంగదు, రాత్రి పిండి గిన్నెని పాత దుప్పటిలో చుట్టండి. డిసెంబరు, జనవరిలో కొబ్బరినూనె రాయి, తెల్లవారుజామున సెమిలిగూడ వైపు సింగిల్ డిజిట్ చలి.

కానీ అక్కడి కూరగాయలు! సంతలో పల్లెవాళ్లు తెచ్చే పచ్చి అల్లం, చిక్కుళ్లు, కొత్త చోళ్లు (రాగులు), ఆ రుచి పార్వతీపురంలో మళ్లీ దొరకలేదు. మే నెలలో మధ్యాహ్నం ఫ్యాను కింద నిద్రపట్టే ఊరు అది. మా ఊళ్లో ఫ్యాను వడగాలినే కలుపుతుంది.

జయపురం కిరాణా (జూన్ 4, రాత్రి 9:26)

పెద్దావిడకి భాష ఇబ్బంది అవుతుందేమో అని ఉంటే ఆ బెంగ వద్దు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా కోరాపుట్, జయపురం, రాయగడ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కిందే ఉండేవి. మా జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్రా యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు, అక్కడి సైన్సు కాలేజీకి ఆ పేరే పెట్టారు. బజారులో తెలుగులో అడిగితే తెలుగులోనే ధర చెప్తారు. బేరం మాత్రం ఒడియాలో చేస్తే పది రూపాయలు తగ్గుతుంది.

అసలు నా మాట వింటే కోరాపుట్ మానేసి జయపురంలో తీసుకోండి. 22 కిలోమీటర్లే. ఘాట్ దిగితే సుమారు 200 మీటర్ల కింద, చదును ఊరు, మెట్లూ లేవు, మబ్బూ లేదు.

సునాబెడ పాతకాపు (జూన్ 4, రాత్రి 9:40)

అలాగైతే మా సునాబెడ రండి. 1964లో విమానం ఇంజన్ల ఫ్యాక్టరీ పెట్టాక కట్టిన టౌన్‌షిప్పు, గీత గీసినట్టు రోడ్లు. కొండ చల్లదనం ఉంటుంది, కొండ కష్టం ఉండదు.

జయపురం నుంచి రోజూ ఘాట్ ఎక్కి దిగడం మాత్రం వద్దు. వానాకాలంలో పొద్దున పొగమంచులో లారీ వెనక లారీ, ముందు బండి ఎర్ర లైటు తప్ప ఏమీ కనబడదు.

స్థలం కొందామనుకుంటున్నా (జూన్ 5, ఉదయం 11:00)

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. అలాంటి వాలు మీద రెండు సెంట్లు చవగ్గా వస్తున్నాయి, స్టాంపు కాగితం మీద రాసిస్తాడట. కొనొచ్చా?

రాయగడ గుమస్తా (జూన్ 5, మధ్యాహ్నం 12:20)

ఆగండి. కోరాపుట్, రాయగడ జిల్లాలు షెడ్యూల్డు ప్రాంతం. మన వైపు గిరిజన భూములకి 1/70 చట్టం ఉన్నట్టే ఇక్కడ 1956 నాటి రెగ్యులేషన్ 2 ఉంది. గిరిజనుల భూమి గిరిజనేతరులకి అమ్మితే చెల్లదు. స్టాంపు కాగితం, సాదా కాగితం, నోటిమాట, అన్నీ ఒకటే. ఆ భూమి ఎవరి పేర ఉందో భులేఖ్ (ఒడిశా భూమి రికార్డుల) వెబ్‌సైట్లో ఖాతా నంబరు కొట్టి చూడండి. కిసం (భూమి రకం) అన్న చోట ఘరబారి అని ఉంటేనే ఇంటి స్థలం. వాలు భూములు చాలా మటుకు సర్కారువో అడవివో అయి ఉంటాయి, అమ్మేవాడికే హక్కు ఉండదు. చవగ్గా వస్తోందంటే కారణం ఇదే. మిగతాది వేరే చర్చ మొదలుపెట్టి అడగండి, ఇది అద్దె ఇంటి గోల.

బొబ్బిలి బదిలీ (జూన్ 19, రాత్రి 10:15)

అందరికీ మళ్లీ నమస్కారం. మొన్న ఆదివారం మంచి వానలో వెళ్లాను. గొడుగు పట్టుకుని ఇళ్ల చుట్టూ తిరుగుతుంటే అక్కడివాళ్లు నన్ను సర్వేవాడనుకున్నారు.

పై ఇల్లు: వెనక గోడకి గొట్టాలు ఆరు. నాలుగు కారుతున్నాయి, రెండు మట్టితో మూసుకుపోయాయి. గోడకి పొట్ట లేదు. కానీ వరండాకీ గదికీ మధ్య వేలు పట్టే పగులు. ఇంటాయన "అది ఎప్పట్నుంచో ఉంది" అన్నాడు. ఎప్పట్నుంచో అంటే ధైర్యం చెప్పినట్టో భయపెట్టినట్టో తెలియలేదు. సంపు మూడిళ్లకి కలిపి.

కింద ఇల్లు: రోడ్డు నీరు నిజంగానే వస్తోంది, కానీ ఎనిమిదో మెట్టు దగ్గర అడ్డ కాలవ మీద ఇనుప జాలీ ఉంది, నీరంతా అందులో పడి పక్కకి పోతోంది. జాలీ మీద ఆకులు నేనే తీశాను, ఇంకా బాగా పోయింది. రోడ్డు అక్కడ తిన్నగానే ఉంది, మలుపు యాభై గజాల అవతల. కుళాయి తిప్పితే చేయి నెట్టేసేంత నీరు.

అక్కా, రాయి ఉంది! మెట్ల పక్కన నల్లటి చదును రాయి. దాని మీద రెండు సంచులు, ఒక చీపురుకట్ట తడుస్తున్నాయి. నేను చూస్తుండగానే యూనిఫాంలో ఉన్న అమ్మాయి వచ్చి సంచి ఒకటి అందుకుని పైకి ఎక్కేసింది.

కింద ఇల్లే తీసుకున్నాం. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

కొండ దిగినోడు (జూన్ 19, రాత్రి 10:40)

మాట్లాడుతుంది. బట్టలు ఆరడం చూశాక మాట్లాడుతుంది.

బొబ్బిలి బదిలీ (ఆగస్టు 24, రాత్రి 9:05)

ఈ చర్చని మర్చిపోయారేమో. రెండు నెలలయింది. బట్టలు కిందా ఆరడం లేదు తమ్ముడూ, నీ మాట ఉత్తదే. వంటింట్లో తాడు కట్టి ఫ్యాను పెడుతున్నాం. ఆదివారం సాయంత్రాలు మా ఆవిడ, పాప 64 మెట్లు ఎక్కి పై ఇంట్లో కొత్తగా దిగినవాళ్ల వరండాలో కూర్చుని వస్తున్నారు. కొండలు చూసే ఖర్చు వారానికి ఒక పొట్లం జంతికలు.

అసలు చెప్పాలనుకున్నది మా అమ్మ సంగతి. వాన పడుతుంటే ఆ రాయి మీద సంచులు తడుస్తున్నాయని ఆవిడకి ప్రాణం ఒప్పలేదు. మా మొదటి మెట్టు మీద, రేకు కింద ఒక బల్ల వేయించింది. ఇప్పుడు వాన రోజుల్లో రాయి పని ఆ బల్లదే. పొద్దున పదింటి నుంచి ఆవిడ అక్కడే కుర్చీలో. వచ్చినవాళ్లకి "ఎఠి రఖ, ఎఠి రఖ" (ఇక్కడ పెట్టు) అని చెప్తుంది. ఒడియాలో ఆవిడకి వచ్చింది ఇంకా ఆ రెండు మాటలే. ఏ సంచి ఏ ఇంటిదో మాత్రం ఊరందరికంటే బాగా తెలుసు. ఎవరింట్లో ఏం వండుతున్నారో కూడా. మొన్న పై నుంచి ఒకావిడ దిగొచ్చి చోళ్ల అంబలి ఇచ్చి వెళ్లింది.

పాతకాపు గారూ, ఒక సాయం కావాలి. ఆ బల్లకి చెదలు పట్టింది. ఈ తడికి ఏ చెక్క నిలుస్తుందో, లేక సిమెంటు పలక వేయించమంటారో చెప్పండి.

గోడ చూసేవాడు (ఆగస్టు 24, రాత్రి 9:30)

సిమెంటు వద్దు, కడప పలక వేయించండి. కింద ఇటుక కాళ్లు. నీరు నిలవకుండా రోడ్డు వైపు కాక, కాలవ వైపు అరంగుళం వాలు పెట్టండి. జాలీ మీద ఆకులు తీస్తున్నారా?

బొబ్బిలి బదిలీ (ఆగస్టు 24, రాత్రి 9:34)

అమ్మ తీయిస్తోంది. సంచి పెట్టడానికి వచ్చిన ప్రతివాడి చేతా.